శీనూ, ఆ కిట్టు కొనే ముందు ఇది చదువు

రేయ్ శీనూ,

వంటింటి తొక్కల్ని వానపాములతో ఎరువు చేసుకోవడానికి కొందామంటూ నువ్వు పంపిన ఆ కిట్టు ఫోటో చూశాను. మూడంతస్తుల ప్లాస్టిక్ ట్రేలు, కింద కుళాయి, పక్కన బుల్లి పార, ముచ్చటగానే ఉంది, కాదనను, కానీ అంత డబ్బు పోసి కొనాల్సినంత విషయం అందులో ఏమీ లేదురా. ఫోన్లో చెబుదామంటే నీకు ఎప్పుడూ మీటింగే, అందుకే తీరిగ్గా రాస్తున్నా. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు, రేపు ఆ డబ్బాలో తొక్కలు వేసేది ఎవరో నాకు తెలుసు.

అసలు ఇప్పుడు, ఈ మే నెలలో మొదలుపెట్టనే వద్దు. డబ్బాల్లో ఎక్కువమంది పెంచే ఎర్ర వానపాము, ఐసీనియా ఫెటిడా అంటారు, దానికి హాయిగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీల మధ్య. 30 దాటితే నీరసపడుతుంది, 35 దాటితే చచ్చిపోతుంది. మీ హైదరాబాద్‌లో ఇప్పుడు ఎంతుందో నువ్వే చూసుకో, మా బెజవాడ సంగతైతే చెప్పక్కర్లేదు. మన వైపు ఎరువు చేసే రైతులు యూడ్రిలస్ యూజీనియే అనే ఆఫ్రికా రకాన్ని కూడా పెంచుతారు, అది కాస్త లావుగా, పొడుగ్గా ఉంటుంది, తడి ఉంటే వేడిని ఇంకొంచెం ఓర్చుకుంటుంది, చలికి మాత్రం తట్టుకోలేదు. వానపడ్డాక మీ పార్కులో మట్టి మీదకి వచ్చేవి ఏరుకొచ్చి వేద్దామని పిల్లాడు అంటాడేమో, వద్దని చెప్పు. అవి మట్టిలో బొరియలు చేసుకుని బతికే రకం, తొక్కల డబ్బాలో నిలబడవు. మనకి కావలసినవి పేడకుప్పల్లో, కుళ్లిన ఆకుల కింద పైపైనే తిరిగేవి.

ఇక డబ్బా. చేపల మార్కెట్లో ఐసు వేసి తెచ్చే థర్మకోల్ పెట్టెలు పడేస్తుంటారు చూడు, వాటిని మించింది లేదు. నీచు వాసన పోయేలా రెండుసార్లు కడిగి ఎండబెట్టు. ఎండ వేడిని లోపలికి పోనివ్వదు, అదే దాని గొప్ప. కాల్చిన మేకుతో మూతకి, పక్కలకి బెజ్జాలు పెట్టి లోపలి నుంచి దోమతెర ముక్క అతికించు, అడుగున నాలుగు బెజ్జాలు, కింద పళ్లెం, అంతే. లోతు అడుగు చాలు. వెడల్పు ఎక్కువుంటే మంచిది, ఎందుకంటే ఇవి పైపొరలోనే మేస్తాయి. మట్టి కుండ కూడా బాగానే ఉంటుంది, చల్లగా ఉంచుతుంది, కాకపోతే తొందరగా ఆరిపోతుంది కాబట్టి నీళ్లు చిలకరించే పని ఉంటుంది.

మీ పడమటి బాల్కనీలో పెట్టావో, సాయంత్రం ఎండకి ఉడికిపోతాయి. వంటింటి వెనక గిన్నెలు తోముకునే చోటు ఉంది కదా, అక్కడ నీడ ఉంటుంది, అక్కడ పెట్టు, కానీ వాషింగ్ మెషీన్‌కి ఆనించి మాత్రం కాదు. వీటికి చెవులు లేవు గానీ అదురు బాగా తెలుస్తుంది. డార్విన్ ముసలితనంలో వానపాముల మీద పెద్ద పరిశోధన చేసి 1881లో అచ్చువేశాడు. ఈల ఊదినా, ఇంట్లోవాళ్లు బసూన్ అనే పొడుగాటి ఊదే వాయిద్యం వాయించినా అవి కదల్లేదట, అదే కుండీని పియానో మీద పెట్టి ఒక్క మెట్టు నొక్కగానే బొరియల్లోకి దూరిపోయాయట! అంత పెద్దాయన ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి వానపాములకి కచేరీ పెట్టించాడంటే నాకు భలే సరదాగా ఉంటుంది.

లోపల పరుపు వేయాలి. పాత అట్టపెట్టెలు చింపి, కొబ్బరి పీచు పొట్టు కలిపి, తడిపి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. మాగిన పేడ దొరికితే ఓ గుప్పెడు వెయ్యి, పచ్చి పేడ వద్దు, అది వేడెక్కుతుంది. ఈ తడి గురించి ఎందుకింత చెబుతున్నానంటే వానపాముకి ఊపిరితిత్తులు ఉండవు, చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది. చర్మం ఆరితే ఊపిరాడదు. మరీ చిత్తడైతే గాలి ఆడక డబ్బా కుళ్లి కంపు కొడుతుంది. రెండింటి మధ్య ఉంచడమే మొత్తం విద్య, మిగతాదంతా అవే చూసుకుంటాయి.

తిండి దగ్గరే అందరూ బోల్తా కొట్టేది. కొన్న రోజు ఉత్సాహంలో వంటింట్లో ఉన్నవన్నీ తెచ్చి కుమ్మరిస్తారు. నిజానికి వానపాము పచ్చి తొక్కని ముట్టుకోదు, దానికి పళ్లే లేవు. ముందు బూజు, సూక్ష్మజీవులు పట్టి మెత్తబడాలి, అప్పుడు ఆ మెత్తబడ్డదాన్ని సూక్ష్మజీవులతో సహా పీల్చుకుంటుంది. లోపల కోడికి ఉన్నట్టే కందనకాయ ఉంటుంది, అందులో ఇసుక రేణువులతో నూరుకుంటుంది. అందుకే గుడ్డు పెంకులు ఎండబెట్టి మెత్తగా పొడి కొట్టి చల్లితే వాటికి పనికొస్తుంది, పులుపూ తగ్గుతుంది. అన్నీ అనుకూలంగా ఉంటే రోజుకి తమ బరువులో సగం తింటాయంటారు, అంటే కిలో వానపాములకి రోజుకి అరకిలో. అది స్థిరపడ్డాక లెక్క. మొదటి నెల దాంట్లో పావు వంతు వేసినా ఎక్కువే. వేసింది తిన్నాకే మళ్లీ వెయ్యి. వారం పెట్టకపోయినా ఏమీ కాదు, తడిసిన అట్టముక్కలు తింటూ కూర్చుంటాయి, కాబట్టి సంక్రాంతికి ఊరెళ్లాలంటే టెన్షన్ పడక్కర్లేదు. ఆకలితో పోయే డబ్బాలు తక్కువ, అజీర్తితో పోయేవే ఎక్కువ.

బెండకాయ ముచ్చికలు, బీర తొక్కలు, అరటి తొక్కలు, కూరల్లో ఏరిపారేసిన ఆకులు, పాలూ చక్కెరా పోయేలా కడిగిన టీ పొడి, ఇవన్నీ బేషుగ్గా వెయ్యి. చిన్నగా తరిగితే తొందరగా మెత్తబడతాయి. చింతపండు పిప్పి, నిమ్మచెక్కలు వేస్తే డబ్బా పులుస్తుంది. ఉల్లి, వెల్లుల్లి పొట్టు కాస్తయితే పర్లేదు, గంపలకొద్దీ వద్దు. పచ్చడి మెతుకులు, పులుసు, నూనె తేలే కూరలు, పెరుగన్నం, చేప ముళ్లు, ఇవేవీ వద్దే వద్దు. ఉప్పు తగిలితే వాటి ఒంట్లో నీరు బయటికి లాగేస్తుంది, ఆవకాయ ముద్ద ఒక్కటి పడినా ఆ చుట్టుపక్కల ఒక్కటీ మిగలదు. కరివేపాకు రెమ్మలు, మునక్కాయ పిప్పి, మామిడి టెంకలు చెడ్డవి కావు గానీ నెలల తరబడి అలాగే ఉంటాయి. మామిడి తొక్కలైతే మరీ చిత్రం, తీపికి వాటంతట అవే పులిసి వేడెక్కుతాయి, ఈగలు ముసురుతాయి. మన ఇళ్లలో ఈ నెలలో వచ్చేది అవే కదా, నిన్ను ఆగమనడానికి అదో కారణం.

వేసిన ప్రతిసారీ ఓ మూల పరుపు తవ్వి, అందులో వేసి, పైన పొడి అట్టముక్కలు కప్పెయ్యి. మన కూరగాయల తొక్కల్లో ఎక్కువ భాగం నీళ్లే, ప్లాస్టిక్ డబ్బాకైనా థర్మకోల్‌కైనా విడిగా నీళ్లు పోసే అవసరం దాదాపు రాదు. వాసన వచ్చిందా, తిండి ఆపేసి పొడి అట్ట కలిపి ఒకసారి గుల్లగా తిరగెయ్యి. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. దానికోసం ఇంకో ట్రే కొనమనే వాళ్ల మాట నమ్మకు.

చుట్టాలు వస్తారు, అది మాత్రం ఖాయం. చీమలు పట్టాయంటే లోపల ఆరిపోయిందని అర్థం, తడి చెయ్యి. డబ్బాని నాలుగు ఇటుకల మీద ఎత్తి, ఒక్కో ఇటుక కింద నీళ్ల పళ్లెం పెట్టు, ఆ నీళ్లలో నూనె చుక్క వెయ్యి, లేకపోతే అక్కడ దోమలు పెరుగుతాయి, ఆ పేరుతో అపార్ట్‌మెంట్ వాళ్లు నీ మీద పడతారు. ఇంకోటి, గోధుమ రంగులో పలకలు పలకలుగా, బాగా లావుగా ఉండే పురుగులు ఒకరోజు గుంపుగా కనిపిస్తాయి, చెల్లెమ్మ కెవ్వున అరిచేది ఆ రోజే. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. కుట్టవు, కరవవు, రోగాలు తేవు, వానపాముల కంటే వేగంగా తింటాయి, అందుకే వాటికి తిండి మిగలనివ్వవు. అవి వచ్చాయంటే డబ్బాలో వండిన అన్నం, కూరా పడుతున్నాయన్నమాట. వండినవి వేయడం ఆపి, పైన మందంగా కప్పితే ఆ పురుగులు తగ్గిపోతాయి. తెల్లగా దారప్పోగుల్లాగా కనిపించేవి మాత్రం వానపాము పిల్లలనుకుని మురిసిపోకు, అవి వేరే జాతి, హాని లేదు, డబ్బా పులుపెక్కిందని చెబుతున్నాయంతే. నిజమైన పిల్లలకి ఎర్రటి రక్తనాళం పైకి కనిపిస్తుంది.

వానాకాలం మొదట్లో కొన్ని రాత్రుళ్లు వానపాములు మూతకి, లోపలి గోడలకి ఎగబాకి అంటుకుని ఉంటాయి, మన దేశపు నీలి రకం, పెరియోనిక్స్, కలిసి ఉంటే మరీను, గాలివాన ముందు బయటికే నడిచి వచ్చేస్తాయి. కొత్త డబ్బాకి ఇది మామూలే. రాత్రంతా అక్కడ ఓ చిన్న లైటు వెలగనివ్వు. వెలుతురంటే వాటికి పడదు, కిందకి దిగిపోతాయి.

అదే గుణం ఎరువు తీసేటప్పుడు పనికొస్తుంది. రెండు మూడు నెలలకి అడుగున అంతా నల్లగా వాడేసిన టీ పొడిలా అయిపోతుంది, కంపు ఉండదు, తొలకరి మట్టి వాసన వస్తుంది. పట్టా మీద చిన్న చిన్న కుప్పలుగా పోసి, వెలుతురులో పది నిమిషాలు వదిలెయ్. వానపాములన్నీ అడుగుకి పోతాయి, పైపైన గీరి తీసుకో, మళ్లీ కాసేపు ఆగు, మళ్లీ గీరు. లేత పసుపు రంగులో చిన్న నిమ్మకాయ ఆకారపు గుడ్ల తిత్తులు కనిపిస్తే తిరిగి డబ్బాలోకి వెయ్యి, ఒక్కోదాంట్లోంచి రెండు మూడు పిల్లలు వస్తాయి. ఎరువుని కుండీలో నాలుగో వంతుకి మించి కలపకు. ఇంకో సంగతి, కుప్ప పోసి చేసే ఎరువులా ఇది వేడెక్కదు, అందుకని గింజలు చావవు. మా కరివేపాకు కుండీలో టమాటా, మల్లె కుండీలో గుమ్మడి, అడక్కుండానే వచ్చాయి. మా ఆవిడ టమాటాని ఉంచింది, గుమ్మడి పాదుని నేను బతిమాలినా పీకేసింది.

చెత్త తగ్గుతుందా అని అడిగావు. తగ్గుతుంది, పూర్తిగా పోదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని కేంద్రం 2016లో తెచ్చిన చెత్త నిబంధనల్లోనే రాశారు, వేరు చేసి ఇచ్చినా చెత్త ఆటోలో కలిసిపోతే నువ్వేం చేస్తావ్? మీ ఊరి చెత్త ఎక్కువగా చేరేది జవహర్‌నగర్ చెత్త డంపుకి. గాలి ఆడకుండా గుట్టల కింద అణిగిపోయిన తొక్కల్లోంచే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. నీ డబ్బాలో గాలి ఆడుతుంది కాబట్టి ఆ గొడవ ఉండదు. వండిన మిగుళ్లు, ఎముకలు మాత్రం ఆటోకి ఇవ్వాల్సిందే, అన్నీ వానపాములే తినేస్తాయని చెప్పే వీడియోలు చూసి మోసపోకు. అమ్మ ఒప్పుకోదేమోనన్నావు కదా, ఆవిడకి ముందు మల్లెమొగ్గలు చూపించు, డబ్బా తర్వాత చూపించు.

కాబట్టి కిట్టు డబ్బులు జేబులో పెట్టుకో. వానపాములు నేనిస్తా, మా డబ్బాలో ఇప్పుడు కావలసినన్ని ఉన్నాయి, కృషి విజ్ఞాన కేంద్రం చుట్టూ తిరగక్కర్లేదు. రెండు వానలు గట్టిగా పడి మీ దగ్గర చల్లబడ్డాక ఫోన్ చెయ్యి, తడి పీచులో కట్టి రాత్రి బస్సుకి మా బావమరిదితో పంపుతా, పొద్దున్నే వెళ్లి తీసుకో, బండి డిక్కీలో పెట్టి ఆఫీసుకి మాత్రం పోకు. ఈలోగా థర్మకోల్ పెట్టె వెతికిపెట్టు, టేపు పీకేసిన అట్టపెట్టెలు దాచు, గుడ్డు పెంకులు పారెయ్యకు. పెట్టె ఎంత పొడుగో కొలిచి చెప్పు, దాన్నిబట్టి ఎన్ని పంపాలో చూస్తా.

నీ,
రాంబాబు