ఏ పుస్తకం, ఏ పేజీయో కూడా రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మన మ్యూజియంలలోని శిల్పాలు, చిత్రాలు ఇప్పుడు ఫోన్‌లోనే చూడగలుగుతున్నాం. చాలా సంతోషం. కానీ ఆ శిల్పం గురించి ఇదివరకు ఎవరు, ఎక్కడ రాశారన్నది ఎంత వెతికినా దొరకడం లేదు.

పోయిన నెల ఒక మ్యూజియం సైట్‌లో అమరావతి ఫలకం చూశాను. సున్నపురాయి అన్నారు, కొలతలిచ్చారు, అంతే. ఎక్కడో చూసినట్టే ఉంది. పురావస్తు పరిశోధకుడు బర్జెస్ 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద వేసిన పుస్తకం జిరాక్స్ నా దగ్గరుంది. భూతద్దం పెట్టుకుని ఒక్కో బొమ్మా చూస్తూ పోయాను. పద్మం అంచున విరిగిన రేకును బట్టి రెండో రోజు రాత్రికి పోల్చుకోగలిగాను. పుస్తకంలోని ఆ ప్లేటు (బొమ్మల పేజీ) నంబరు మ్యూజియం రికార్డులోనే ఉంటే, నా తర్వాత వెతికే పిల్లలకైనా ఈ అవస్థ తప్పుతుంది.

1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరిన అమరావతి ఫలకాలనే తీసుకోండి. బారెట్ 1954లో, నాక్స్ 1992లో వాటికి కేటలాగులు రాశారు. ఒకే రాయికి పుస్తకానికో నంబరు. ఆ నంబర్లన్నీ ఒకచోట చేర్చకపోతే ఏ వ్యాసం ఏ రాయి గురించో తెలియదు. ఆ మ్యూజియం ఆన్‌లైన్ రికార్డుల్లో ఇందుకోసం విడిగా ఒక గడే ఉంది.

మన రికార్డుల్లోనూ ఆ గడి పెట్టాలి. పుస్తకం పేరొక్కటే చాలదు, సంవత్సరం, పేజీ, బొమ్మ నంబరు కూడా కావాలి. తెలుగు రాతలను మాత్రం అస్సలు వదలొద్దు. 1924లో మొదలైన 'భారతి' మాసపత్రిక సంచికల్లోనే చరిత్ర వ్యాసాలు ఎన్నో ఉన్నాయి. అవి లెక్కలోకి రాకపోతే మన శిల్పాల గురించి తెలుగులో ఎవరూ రాయలేదనే అనుకుంటారు.

ఇది పరిశోధకులకే పనికొచ్చే విషయం కాదు. మన చందవరం నుంచి దొంగతనంగా తరలిపోయిన బౌద్ధ శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొని, 2016లో మనకు తిరిగిచ్చింది. అలాంటి వస్తువు ఒకప్పుడు ఇక్కడే ఉందని చూపడానికి అచ్చులో వచ్చిన ఫోటో, దాని తేదీ గట్టి సాక్ష్యం. ఆ ఫోటో ఏ పుస్తకంలో ఉందో రికార్డులోనే రాసి ఉంటే, కొనేవాళ్లు ముందే చూసుకోవచ్చు, మనమూ వెంటనే అడగొచ్చు.

ఫోటో వాడుకోవడానికి అనుమతి ఇచ్చేటప్పుడే, అచ్చయ్యాక ఒక కాపీ పంపాలని మ్యూజియంలు షరతు పెట్టి, అది రాగానే రికార్డులో ఎక్కిస్తే సరిపోతుంది. పాతవాటికి చరిత్ర విద్యార్థుల సాయం తీసుకోవచ్చు. నా దగ్గరున్న జిరాక్సులు, నేను చేత్తో రాసుకున్న నంబర్ల పట్టిక ఏ మ్యూజియం అడిగినా ఇస్తాను.

– ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, గుంటూరు