నా ఒక్క కిడ్నీ బాగుంది, మీ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి నా ఎడమ కిడ్నీ ఇచ్చి మొన్నటికి ఆరు నెలలు నిండాయి. నిన్న చెకప్‌లో నా రిపోర్టులు చూసి డాక్టర్ గారు "ఇంక ఏడాదికోసారి కనిపిస్తే చాలమ్మా" అన్నారు. ఆ మాట వినేదాకా ఏమీ రాయకూడదని ఇన్నాళ్లూ ఆగాను.

తమ్ముడు రెండేళ్లు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లొచ్చాడు. సాయంత్రానికి వడిలిపోయిన తోటకూర కాడలా ఇంటికి చేరేవాడు. నాదీ వాడిదీ ఒకే బ్లడ్ గ్రూపు. ఇస్తానని నేనే అన్నాను. "ఇద్దరు ఆడపిల్లల తల్లివి, నీకెందుకమ్మా" అన్నవాళ్లు చాలామంది. మా ఆయన మాత్రం ఒక్క రాత్రి ఆలోచించుకుని, తెల్లారి సంతకం పెట్టడానికి తనే ముందు తయారయ్యారు. ఆయనకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో నాకింకా తెలియలేదు.

ఆపరేషన్‌కి ముందు ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో చూపించే డీటీపీఏ స్కాన్ తీశారు. మొత్తం పనిలో కుడి కిడ్నీ 52 శాతం, ఎడమది 48 శాతం చేస్తున్నాయి. "రెండింట్లో తేడా ఉంటే మంచిది మీ దగ్గరే ఉంచుతాం" అని సర్జన్ గారు చెప్పినప్పుడు సగం భయం పోయింది. పైగా ఎడమదానికి సిర పొడుగ్గా ఉంటుందట, తమ్ముడికి అతకడం సులువట.

ఇక నేను ముఖ్యంగా చెప్పాల్సింది మూడో రోజు రాత్రి సంగతి. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడకట్టాల్సిన వ్యర్థం, వాటి పని తగ్గితే ఆ అంకె పెరుగుతుంది. ఆపరేషన్‌కి ముందు నాది 0.7. ఆ రోజు 1.2 వచ్చింది. రిపోర్టు ఫోన్‌లో తెరిచి చూస్తే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) 58 అని, దాని కింద చిన్న అక్షరాల్లో "స్టేజ్ 3" అని ఉంది. స్టేజ్ అనే మాట రెండేళ్లుగా తమ్ముడి కాగితాల్లో చూస్తున్నదే. వాడి జబ్బు నేను తెచ్చుకున్నానా అని దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను.

బీపీ చూడటానికి వచ్చిన డ్యూటీ డాక్టరమ్మ అది గమనించింది. చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. స్టూలు లాక్కుని కూర్చుంది. "టీచర్ గారూ, ఇద్దరు టీచర్లున్న స్కూల్లో ఒకరు బదిలీ అయిపోతే ఏం చేస్తారు?" అని అడిగింది. ఉన్న ఒక్కరే అన్ని క్లాసులూ కలిపి కూర్చోబెట్టి చెబుతాం అన్నాను. "మొదటి వారం?" అంది. గందరగోళమే అన్నాను. "మీ కుడి కిడ్నీకి ఇది మొదటి వారం" అంది.

ఆ తర్వాత మందుల కవరు వెనకాల బొమ్మ గీసి చూపించింది. ఒక్కో కిడ్నీలో రమారమి పది లక్షల వడపోత గొట్టాలు ఉంటాయట. ఒక కిడ్నీ తీసేస్తే రెండోదాంట్లో కొత్తవి పుట్టవు. ఉన్నవే కాస్త పెద్దవవుతాయి, వాటికి రక్తం ఎక్కువ వస్తుంది, ఒక్కోటి ముందుకన్నా ఎక్కువ వడకడుతుంది. అందుకే సగం పోయినా మొత్తం పని సగానికి ఆగిపోదు, కొన్నాళ్లకు ముందున్నదాంట్లో అరవై, డెబ్బై శాతం దగ్గర కుదురుకుంటుంది. జబ్బు అనాలంటే ఆ తగ్గుదల మూడు నెలలకు పైగా ఉండాలి, ఆపరేషన్ అయిన మూడో రోజు అంకె పట్టుకుని స్టేజ్ అనకూడదు అని కూడా చెప్పింది. పావుగంట కూర్చుంది. బయట ఇంకా ఎంతమంది పేషెంట్లు ఎదురు చూస్తున్నారో!

నిన్నటి రిపోర్టులో క్రియాటినిన్ 1.0, ఈజీఎఫ్ఆర్ 72. మూత్రంలో ప్రొటీన్ లేదు, బీపీ 118/76. స్కానింగ్‌లో కుడి కిడ్నీ 10.1 సెంటీమీటర్ల నుంచి 11కి పెరిగింది. తమ్ముడి క్రియాటినిన్ 1.3. ఆ చిన్నపిల్ల చెప్పినట్టే జరిగింది.

మా ఊరి మెడికల్ షాపు అన్నయ్యకు కూడా చాలా రుణపడి ఉన్నాను. మోకాలు నొప్పి అని డైక్లోఫెనాక్ అడిగితే, "అక్కా, నువ్వు కిడ్నీ ఇచ్చావుగా, ఇవి వద్దు" అని చేతిలో పెట్టిన షీటు వెనక్కి తీసుకున్నాడు. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దని డిశ్చార్జి కాగితంలో రాసే ఉంది. నేనే మర్చిపోయాను.

హైదరాబాద్‌లో మేం అద్దెకున్న ఇంటి పిన్ని గారు మూడు నెలలు తమ్ముడికి ఉప్పు తగ్గించి వేరే గిన్నెలో పప్పు వండిపెట్టారు. ఆపరేషన్‌లో పొట్టలోకి నింపిన గ్యాస్ వల్ల భుజం గుంజుతుంటే కత్తిపెట్టినది పొట్టకైతే నొప్పి భుజానికేంటని నేను కంగారుపడ్డాను. రెండు రోజుల్లో పోతుందని రాత్రంతా వీపు నిమిరిన సిస్టర్ గారికి, నేను సెలవులో ఉన్నన్నాళ్లూ నా మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు వదలకుండా చెప్పించిన తోటి టీచర్లకు, మా పిల్లలకు రోజూ జడలేసి బడికి పంపిన మా తోడికోడలికి, అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఆ డాక్టరమ్మ పేరు మాత్రం ఆ రాత్రి అడగలేదు. మొన్న వెళ్లి వాకబు చేస్తే చదువు పూర్తయి వేరే ఊరు వెళ్లిపోయిందన్నారు. నువ్వు గీసిన బొమ్మ ఉన్న ఆ కవరు నా ఫైల్లో మొదటి కాగితంగా పెట్టుకున్నానమ్మా. ఇది నీ కంటపడితే నాకొక కబురు పెట్టు. మీ స్కూలు టీచర్ గారు కులాసాగా ఉన్నారు, కుడి కిడ్నీ అన్ని క్లాసులూ చెప్పుకుంటోంది.