దారం మార్చుకుంటా కూర్చోబాక బుజ్జమ్మా

బుజ్జమ్మా,

ఫోన్లో చెప్తే సరేమా సరేమా అని పెట్టేస్తావు, అందుకే ఇట్ట రాస్తా ఉండా, క్లాసులన్నీ అయినాక తీరిగ్గా చదువుకో.

పోయిన గురువారం నీ ఐదు గంటల డాన్స్ బ్యాచ్‌లో వెనకాల కుర్చీలో కూర్చున్నా కదా. ఆ రెండు జడల పాప అరమండిలో, మోకాళ్ళు వంచి సగం కూర్చున్నట్టు ఉండాది, నువ్వేమో ఒక చేత్తో తాళం కర్ర పట్టుకోని ఇంకో చేత్తో ఎవరికో ఫీజు ఎంతో టైపు చేస్తా ఉండావు. పాప మోకాళ్ళు వణుకుతా ఉండాయి, నువ్వు లే అనలా, అది లేవలా. నాకు గుండె చివుక్కుమనింది. పిల్లల ముందు అనకూడదని ఊరుకున్నా. ఆ రాత్రి ఒంటిగంట దాకా రీల్ ఎడిటింగ్ చేస్తా కూర్చున్నావు, పొద్దున్నే కళ్ళు ఎర్రగా పెట్టుకోని మళ్ళీ ఫోనే.

నువ్వు కష్టపడటం లేదని కాదమ్మా నేననేది. నెల్లూరు వేదాయపాళెంలో ఆ హాలుకి అద్దె కట్టాల, నట్టువాంగానికి, అదే తాళాలు వేసి జతులు చెప్పడానికి వచ్చే ఆయనకి ఇవ్వాల, పిల్లలు చేరకపోతే యాడ నుంచి వస్తాయి, నాకు తెలుసు. కానీ రోజంతా కొంచెం కొంచెం మార్కెటింగ్ చేస్తా ఉంటే అటు అదీ సరిగ్గా అవ్వదు, ఇటు పాఠమూ సరిగ్గా అవ్వదు.

నేను కావలిలో మిషన్ పెట్టిన కొత్తల్లో ఇదే తప్పు చేశా. ఎర్ర జాకెట్ కుడతా ఉంటే ఒకామె పచ్చది అర్జెంట్ అని వచ్చేది, దారం మార్చేదాన్ని, బాబిన్ మార్చేదాన్ని, ఇంతలో ఇంకొకామె ఆది జాకెట్ తెచ్చేది, లేచి కొలతలు తీసుకునేదాన్ని. పొద్దుగూకేసరికి చూస్తే రెండు జాకెట్లు కూడా అయ్యేవి కాదు, శ్రావణ మాసంలో అయితే ఏడుపొచ్చేది. తర్వాత మీ అమ్మమ్మ చెప్పింది, ఎర్ర దారం ఎక్కించినప్పుడు ఎర్రవన్నీ కుట్టెయ్యమని, కటింగ్ అంతా ఒక్క పూటే పెట్టుకోమని, కొలతలు పదింటి నుంచి పదకొండు దాకే తీసుకోమని. నాలుగు రోజులు ఆడోళ్ళు గొణిగారు, తర్వాత అందరూ పదింటికే రావడం అలవాటు చేసుకున్నారు. రేట్లు పెంచలా, మనిషిని పెట్టలా, రోజుకి నాలుగైదు జాకెట్లు దిగేవి.

నువ్వూ అట్నే చెయ్యి. సోమవారం నీకు క్లాస్ లేదుగా, పొద్దున రెండు గంటలు ఆ మార్కెటింగ్ పనికే కూర్చో. వారానికి కావాల్సిన మూడు వీడియోలు శనివారం క్లాస్‌లోనే ఫోన్ స్టాండుకి పెట్టి తీసుకో, విడిగా షూటింగ్ పెట్టుకోబాక, అడుగులు, చేతులు కలిపి చేసే ఆ అడవులు వేయించేటప్పుడు నువ్వు పిల్లల చెయ్యి సరిచేస్తా ఉంటావే, అమ్మానాన్నలు చూడాలనుకునేది అదే. పిల్లల మొహాలు కనిపిస్తే మాత్రం వాళ్ళ ఇంట్లో ముందు అడుగు. సోమవారం ఎడిట్ చేసి, మూడూ ఒకేసారి షెడ్యూల్ పెట్టెయ్యి, ఇన్‌స్టాలో ఆ సౌకర్యం ఉండాదిగా. మిగతా వారమంతా దాని జోలికి పోబాక.

ఇంకొకటి, ఆ రోజు నువ్వు స్నానానికి పోయినప్పుడు నీ అడ్మిషన్ రిజిస్టర్ తిరగేశా, కోప్పడబాక. ఎవరి ద్వారా వచ్చారు అనే గడి నువ్వే పెట్టావు కానీ సగం ఖాళీలే. నింపినంత వరకు చూస్తే ఎక్కువమంది వేరే పిల్లల అమ్మలు చెప్తే వచ్చినోళ్ళే. రీల్ చూసి వచ్చామన్నోళ్ళు ముగ్గురో నలుగురో. పోయినేడు ఒకాయనకి పదిహేను వేలు కట్టి యాడ్లు వేయించావు కదా, లైకులు యాడాడ నుంచో వచ్చాయి, హైదరాబాదులో ఉండే పిల్ల సాయంత్రం ఐదింటికి వేదాయపాళెం ఎట్ట వస్తుందమ్మా? ఇంకెప్పుడైనా డబ్బు పెడితే నీ హాలు చుట్టూ నాలుగైదు కిలోమీటర్లకే కనిపించేట్టు పెట్టుకో, అట్ట పెట్టుకోవచ్చని నువ్వే ఒకసారి చెప్పావు. బయట వరండాలో కూర్చునే ఆ అమ్మలతో వారానికి ఒకసారి పది నిమిషాలు మాట్లాడు, వాళ్ళ పాప ఏం నేర్చుకుందో చెప్పు. వాళ్ళు అపార్టుమెంట్లో నలుగురికి చెప్తారు.

గూగుల్ మ్యాపులో నీ క్లాస్ టైమింగులు తప్పు ఉండాయి, మంగళవారం సెలవు అని చూపిస్తా ఉండాది. బుచ్చిరెడ్డిపాళెం నుంచి మన పక్కింటామె కోడలు పాపని తీసుకోని రావాలనుకోని, అది చూసి ఆగిపోయిందంట. దానికి పైసా ఖర్చు లేదు, అరగంట పని, ముందు అది చెయ్యి.

వాట్సాప్‌కి బిజినెస్ యాప్ వేసుకోమని ఎప్పటి నుంచో చెప్తా ఉండా. ఫీజు ఎంత, టైమింగులేంటి, ఎన్నేళ్ళ పిల్లల్ని చేర్చుకుంటారు, రోజూ అడిగేవి ఇవే కదా. జవాబులు ఒకసారి రాసి దాచిపెట్టుకుంటే ఒక్క ఏటవాలు గీత (/) కొట్టగానే వచ్చేస్తాయి. నువ్వు క్లాస్‌లో ఉన్నప్పుడు తనంతట తానే మెసేజ్ పంపేట్టు కూడా పెట్టుకోవచ్చు, ఎనిమిదింటి తర్వాత మాట్లాడతానని. చేరిన రోజే వాళ్ళ ఫోన్లో నీ నంబర్ సేవ్ చేయించు, సేవ్ లేకపోతే నువ్వు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో, అదే అందరికీ ఒకేసారి విడివిడిగా పోయేట్టు పంపేది వాళ్ళకి చేరదు, ఒక్కో లిస్టుకి 256 మందే పడతారు.

ఏడాదంతా ఒకే రకంగా పరిగెత్తబాక. నీకు పిల్లలు చేరేది ఎండాకాలం సెలవులప్పుడు, జూన్లో బడులు తెరిచాక, విజయదశమికి. ఈ మూడింటికి ముందు మూడేసి వారాలు గట్టిగా పని చెయ్యి, మధ్యలో ఆ సోమవారం రెండు గంటలే చాలు. 1982 నుంచి ఏప్రిల్ 29న నృత్య దినోత్సవం చేస్తా ఉండారు, సరిగ్గా సెలవులు మొదలయ్యే రోజులే. ఆ సాయంత్రం తలుపులు తెరిచిపెట్టి ఎవరైనా వచ్చి ఉచితంగా ఒక క్లాస్ చూడొచ్చని చెప్పు. నవరాత్రులకి దర్గామిట్ట రాజరాజేశ్వరి గుళ్ళో మన పిల్లల చేత ఆడించే వీలుందేమో అడుగు, ఎన్నో ఆడోళ్ళు వస్తారు, చంకలో పిల్లల్ని వేసుకోని నిలబడి చూస్తారు. పిల్లలకి మొదటిసారి గజ్జెలు కట్టే గజ్జె పూజ కూడా విజయదశమికే పెట్టుకో.

నేను శనివారం పొద్దున బండికి వస్తా. ప్రాక్టీసు చీరలు ఆరు అయ్యాయి, ఇంకా రెండింటికి పీకో చేయాల. ఆ రెండు జడల పాపకి నడుం దగ్గర కొంచెం పొడుగు కుట్టా, ఎదిగే పిల్ల కదా, కొలత ఒకసారి చూసి చెప్పు. మ్యాపులో టైమింగులు నేనొచ్చే లోపల మార్చి పెట్టు.

అమ్మ