పురిటికి ఊరెళ్లేముందు ఒక్క మాట

అందరికీ నమస్తే. మన బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు నుంచి కాన్పు కోసం అనంతపురం, కర్నూలు పల్లెలకు వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు కదా. కడుపుతో ఉన్నవాళ్లకు మొదటి మూడు నెలల్లోనే హెచ్‌ఐవీ పరీక్ష చేయించండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. భర్త కూడా చేయించుకోవాలి, ఆడవాళ్ల మీదే వేయడం న్యాయం కాదు.

పాజిటివ్ వచ్చినా బిడ్డను కాపాడుకోవచ్చు. మందులు వాడకపోతే నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకే ప్రమాదం ఉంది. తల్లి వెంటనే ఏఆర్‌టీ మాత్రలు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) మొదలుపెట్టి రోజూ వేసుకుంటే అది 5 శాతం లోపుకు తగ్గుతుంది. బిడ్డకు పుట్టగానే మందు సిరప్ మొదలుపెడతారు, ఆరో వారంలో పరీక్ష చేస్తారు.

నాకు ఎక్కువ టెన్షన్ ప్రయాణం గురించే. ఇక్కడ మాత్రలు తీసుకుంటూ ఊరెళ్లాక ఆపేస్తే చేసిందంతా వృథా. బయల్దేరే ముందే ఈ మాత్రలిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో చెప్పండి. ఊరి దగ్గర సెంటర్‌కు మార్పిస్తారు. చికిత్స పుస్తకం, మాత్రలు చేతిసంచిలోనే పెట్టుకోండి. అక్కడి డాక్టరు దగ్గర ఈ విషయం దాచొద్దు.

తల్లి మందులు వాడుతూ మొదటి ఆరు నెలలు చనుపాలే ఇవ్వచ్చు. డబ్బాపాలు, తేనె, నీళ్లు కలపొద్దు. అత్తలు, అమ్మమ్మలు దయచేసి బలవంతం చేయకండి.

ఎవరి రిపోర్టూ ఈ గ్రూపులో పెట్టొద్దు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అది గోప్యం. సందేహాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఉచితం.