తప్పు ఐత్వానిది కాదు

సంపాదకులు గారికి,

తెనాలిలో ఇరవై ఏళ్లుగా డీటీపీ చేసుకుంటున్నాను. మా గ్రంథాలయ మిత్రులు నడిపే చిన్న మాసపత్రికను ఈమధ్యే వెబ్‌సైట్‌లోకి ఎక్కించాను. పన్నెండు సంచికలకూ చైత్రం నుంచి ఫాల్గుణం దాకా తెలుగు నెలల పేర్లే పెట్టాను. షాపులో ఉన్న పాత మాక్ మీద అన్నీ తెరిచి చూసుకున్నాను, చక్కగా వచ్చాయి. తీరా సర్వర్‌లోకి పంపాక పది తెరుచుకుంటున్నాయి. చైత్రం, వైశాఖం నొక్కితే మాత్రం ‘ఫైల్ దొరకలేదు’ అంటోంది.

సర్వర్ అద్దెకిచ్చిన వాళ్లకు ఫోన్ చేస్తే ఓ కుర్రాడు, "తెలుగులో పేర్లు పెడితే అంతే సార్, ఇంగ్లీషులో పెట్టేయండి" అన్నాడు. నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ మాటే. తెలుగే పడకపోతే పన్నెండూ పోవాలి కదా, మొదటి రెండే ఎందుకు పోతాయి?

ఫైళ్లు పాడయ్యాయేమోనని మళ్లీ పంపాను. ఇంట్లో విండోస్ లాప్‌టాప్ మీద చేసిన లింకులు మళ్లీ టైపు చేశాను. రెండు రోజులు ఒకటే టెన్షన్. చివరికి లింకులోని పేరునీ, సర్వర్‌లోని పేరునీ పక్కపక్కన పెట్టి, కంప్యూటర్ ఒక్కో గుర్తుకూ వాడే కోడ్‌లు లెక్కపెట్టాను. లింకులో చైత్రం ఆరు కోడ్‌లు. సర్వర్‌లో ఏడు! కంటికి మాత్రం పిసరంత తేడా లేదు.

కిటుకంతా ఐత్వంలో ఉంది. అన్ని భాషల అక్షరాలకూ కోడ్‌లు ఇచ్చే యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం ఒకటి, కింది వంపు ఒకటి అని విడదీసీ రాయొచ్చు. పలక మీద మనం పిల్లల చేత దిద్దించేది రెండో పద్ధతే. పాత మాక్‌లలో ఫైళ్లను దాచే ఏర్పాటు, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ కూడా ఫైలు పేర్లను అలా విడదీసే దాచుకుంటుంది. ఎలా రాసినా రెండూ ఒకటేనని దానికి తెలుసు. సర్వర్‌ను నడిపేది లినక్స్ అనే వ్యవస్థ. లింకులోని కోడ్‌లూ, ఫైలు పేరులోని కోడ్‌లూ అచ్చంగా కలిస్తేనే అది ఒప్పుకుంటుంది. తెలుగు గుర్తుల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే, మిగతా పది నెలల పేర్లలో అది లేదు. కన్వ్‌ఎమ్‌వీ అనే ఉచిత ప్రోగ్రాంతో ఆ రెండు పేర్లనూ కలిపి రాయించాను. రెండు నిమిషాల పని.

తెలుగులో అప్లికేషన్లు చేసే ప్రోగ్రామర్లకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. పరీక్షించేటప్పుడు రాము, సీత అని కొట్టి వదిలేయకండి. శైలజ, మైథిలి అని కూడా కొట్టి చూడండి. పేరు ఒక రకంగా దాచి, ఇంకో రకంగా వెతికితే మనిషి రికార్డులో ఉండీ లేనట్టే.

ఉగాది సంచికలో తన పద్యం వేయలేదని అలిగిన మా పెద్దాయనకు చైత్రం లింకు మళ్లీ పంపాను. చదివి, మూడో పాదంలో అచ్చుతప్పు ఉందని ఫోన్ చేశారు. అది మాత్రం నాదే.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి