పన్ను బకాయి, మా ఇల్లు, మీ పనులు: ప్రెస్సు ఖాతాదారులకు వివరణ

మా ఖాతాదారులలో కొందరికి ఇటీవల పన్నుల శాఖ నుంచి ఒక నోటీసు అందింది. మాకు రావలసిన బిల్లు సొమ్మును మాకు కాకుండా నేరుగా ప్రభుత్వ ఖాతాకు జమ చేయవలసిందిగా అందులో ఉంది. ఆ నోటీసు నిజమైనదే. జీఎస్‌టీ చట్టం 79వ సెక్షన్ ప్రకారం, బకాయిదారుకు ఎవరెవరు బాకీ ఉన్నారో వారి దగ్గర నుంచే వసూలు చేసుకునే అధికారం శాఖకు ఉంది. దానిని అందుకున్నవారు దయచేసి మాకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి; నోటీసు చేతికి వచ్చాక కూడా మాకే చెల్లిస్తే, ఆ మేరకు ప్రభుత్వానికి మీరే జవాబుదారులవుతారు. అక్కడ కట్టిన సొమ్ముకు రసీదు నకలు పంపితే మా పుస్తకాలలో మీ బాకీ తీరినట్టే రాసుకుంటాము.

ఈ నోటీసుల వెనుకనే మరో మాట బయలుదేరింది. ప్రెస్సువాళ్లు ఐపీ (దివాలా పిటిషను) పెడుతున్నారని, ఇల్లు కూడా వేలానికి వస్తోందని చెప్పుకుంటున్నట్టు నా చెవిన పడింది. నన్ను దివాలాదారుగా ప్రకటించమని కోర్టుకు వెళతామంటూ ఇద్దరు అప్పులవాళ్లు లాయరు నోటీసు ఇచ్చిన మాట వాస్తవం. నా అంతట నేను ఐపీ పెట్టబోతున్నానన్నది మాత్రం పచ్చి అబద్ధం.

పన్ను ఎగ్గొట్టినవాడిగా మీ ఎదుట నిలబడడం నాకు ఇష్టం లేదు కనుక, ఈ బకాయి ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం వివరంగానే చెబుతాను. 2020-21లో మేము కొన్న కాగితంలో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి మాకు సరుకు వేస్తున్న ఒకే వ్యాపారి నుంచి వచ్చింది. రీములు దిగిన రోజునే బిల్లు, ఈ-వే బిల్లు, తూకం చీటీ మూడింటినీ ఒకే పిన్నుకు గుచ్చి ఫైలులో పెట్టడం మా ప్రెస్సులో మొదటి నుంచీ ఉన్న అలవాటు. ఆ ఏడాది ఫైలులో ఒక్క కాగితమూ తప్పిపోలేదు. బిల్లులో వేసిన జీఎస్‌టీతో సహా మొత్తం సొమ్మును బ్యాంకు ద్వారానే ఆయనకు చెల్లించాము. ఆయన ఆ బిల్లులను తన జీఎస్‌టీఆర్-1లో (అమ్మకాల బిల్లుల వివరాలిచ్చే రిటర్నులో) చూపాడు కనుక అవి మా 2బీలో (మా కొనుగోళ్లపై దక్కే క్రెడిట్‌ను పోర్టల్ చూపే పట్టికలో) కనిపించాయి, మేమూ ఆ మేరకు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నాము, అంటే కొనుగోలులో కట్టిన పన్నును మేము కట్టవలసిన పన్నులో తగ్గించుకున్నాము. తీరా చూస్తే ఆయన 3బీలో (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్నులో) అమ్మకాలు తగ్గించి చూపి, మా దగ్గర వసూలు చేసిన పన్నులో చాలా భాగం ప్రభుత్వానికి కట్టనే లేదు. సరఫరాదారు రిటర్ను వేశాడా లేదా అన్నది పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. అందులో ఎంత కట్టాడో చూసే దారి కొనుగోలుదారుకు లేదు. తరువాత ఆయన రిజిస్ట్రేషన్ రద్దయింది, గోదాముకు తాళం పడింది, ఫోను మూగబోయింది. మా ఇంటి పెళ్లిలో ముందు వరుసలో కూర్చుని భోజనం చేసిన మనిషి గురించి ఇంతకంటే రాస్తే మాట తూలుతానేమోనని ఇక్కడితో ఆపుతున్నాను.

సరఫరాదారు పన్నును నిజంగా ప్రభుత్వానికి కట్టి ఉంటేనే కొనుగోలుదారుకు క్రెడిట్ దక్కుతుందని చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. ఆ ప్రకారం మేము తీసుకున్న క్రెడిట్ చెల్లదని, ఆ మొత్తాన్ని 18 శాతం వడ్డీతోనూ 10 శాతం జరిమానాతోనూ కట్టాలని ఉత్తర్వు వెలువడింది. అంటే ఒకసారి ఆయనకు కట్టిన పన్నునే మరోసారి, ఈసారి వడ్డీతో, కట్టాలన్నమాట. పైగా ఆ ఉత్తర్వు కాగితం రూపంలో రాలేదు. పోర్టల్‌లో మామూలు నోటీసులు కనిపించే చోట కాకుండా, అదనపు నోటీసుల విభాగంలో పడి ఉంది. జీతాల కోసం ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చి, కారణం అడగడానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు గాని ఖాతా జప్తులో ఉన్నదని మాకు తెలియలేదు. ఖాతా స్తంభించిందని తెలిసిన వెంటనే ఆ ఇద్దరు అప్పులవాళ్లూ నోటీసులు పంపారు. వారిని తప్పు పట్టను; వారి స్థానంలో నేనున్నా బహుశా అదే చేసేవాడిని.

ఇక ఇంటి సంగతి. ప్రెస్సు నా ఒక్కడి పేర ఉన్న సొంత వ్యాపారం, కంపెనీ కాదు. కనుక ప్రెస్సు బాకీకి, నా బాకీకి మధ్య చట్టం గీత గీయదు. ఇల్లు కూడా నా పేరనే ఉంది. శాఖ దానిని జప్తు చేయవచ్చు, లేదా బకాయిని భూమిశిస్తు బకాయిలా రాబట్టమని కలెక్టరుకు పంపవచ్చు. ఈ సంగతి తెలియగానే అయినవాళ్లందరూ చెప్పిన సలహా ఒక్కటే: ఇంటిని వెంటనే భార్య పేర రాసేయమని. దస్తావేజు లేఖరి ముసాయిదా కూడా సిద్ధం చేశాడు. అందులో ఎప్పటిలాగే ‘నీ యందు నాకు గల ప్రేమాభిమానముల చేత’ అన్న వాక్యం ఉంటే, మా ఆవిడ చదివి, “ఈ ప్రేమాభిమానాలు నోటీసు వచ్చాకే గుర్తొచ్చాయా అండీ?” అని అడిగింది. ఆమె నవ్వుతూ అన్నా, నాకు నవ్వు రాలేదు.

ఆ ముసాయిదాను బల్ల మీద పెట్టుకుని చాలా రాత్రులు ఆలోచించాను. బకాయి ఏర్పడిన తరువాత ప్రభుత్వానికి దక్కకుండా చేయాలనే ఉద్దేశంతో ఆస్తిని ఎవరికి బదిలీ చేసినా ఆ బదిలీ ప్రభుత్వం ముందు చెల్లదని జీఎస్‌టీ చట్టం 81వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మావంటి చిన్న వ్యాపారులకు నేటికీ వర్తిస్తున్న 1920 నాటి దివాలా చట్టం ప్రకారం కూడా, దివాలా పిటిషనుకు ముందు రెండేళ్లలోపు ఉచితంగా రాసిచ్చిన ఆస్తిని కోర్టు తిరిగి లాక్కోవచ్చు. అంటే రిజిస్ట్రేషను ఖర్చు దండగ, పైగా మోసగాడనే ముద్ర అదనం. ఐపీ పెట్టడం వల్లనూ ఒరిగేది లేదు. అయిదు వందల రూపాయల అప్పు ఉన్నా ఆ చట్టం కింద పిటిషను వేయవచ్చు (1920లో అది పెద్ద మొత్తమే కావచ్చు), కానీ ఒకసారి దివాలా ప్రకటిస్తే ఇంటితో సహా ఆస్తి అంతా కోర్టు చేతిలోకి పోతుంది. మిగతా అప్పుల నుంచి విముక్తి దొరికినా ప్రభుత్వానికి ఉన్న బాకీ మాత్రం మాఫీ కాదు. ఇంటిని కాపాడుకోవడానికి ఐపీ పెట్టమన్న పెద్దమనుషులు ఈ మాట నాకు ఎందుకు చెప్పలేదో తెలియదు.

ముసాయిదాను చింపేశాను. ఇల్లు నా పేరనే ఉంటుంది. అప్పీలుకు ఉన్న మూడు నెలల గడువు దాటినా, తగిన కారణం చూపితే చట్టం ఇచ్చే మరొక్క నెలలో ఇంకా కొన్ని రోజులు మిగిలి ఉండడం మా అదృష్టం. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందుగా కట్టి అప్పీలు వేస్తే, అది తేలేవరకు మిగిలిన బకాయి వసూలు ఆగుతుంది. ఆ 10 శాతానికీ, ఆ ఇద్దరి అప్పులకూ కలిపి నాలుగు రంగుల యంత్రాన్ని అమ్మేశాను. ఇంటిని తాకట్టు పెట్టి యంత్రాన్ని నిలుపుకోమని నా కొడుకు ఎంతగానో వాదించాడు. వ్యాపారం తెచ్చిన గొడవలోకి ఇంటిని ఈడ్చనని చెప్పాను. ఆ విషయంలో మా ఇద్దరికీ ఇంకా సరిగా మాటల్లేవు. సరఫరాదారుపై ముందు చర్య తీసుకోకుండా కొనుగోలుదారును అడగరాదని 2023లో కలకత్తా హైకోర్టు ఒక కేసులో తీర్పు ఇచ్చింది; అదే ఏడాది పట్నా హైకోర్టు శాఖ వాదననే సమర్థించింది. గెలుపు ఖాయమని నేను మీకు చెప్పను. పోరాడకుండా కట్టను, అంతే.

అప్పులవాళ్లలో ఒకరు మొత్తం సొమ్ము తీసుకుని నోటీసు వెనక్కి తీసుకున్నారు. రెండవవారు కొంత తీసుకుని మిగతా దానికి గడువు ఇచ్చారు. బ్యాంకు ఖాతా తిరిగి పనిచేస్తోంది. అయితే మీకు వచ్చిన నోటీసును ఉపసంహరిస్తూ శాఖ విడిగా లేఖ పంపేవరకు అది అమలులో ఉన్నట్టుగానే భావించండి. ఈ విషయంలో నా మాట మీద కంటే కాగితం మీద ఆధారపడడమే మీకు క్షేమం.

బిల్లు పుస్తకాలు, లెటర్‌హెడ్లు, ఒకటి రెండు రంగుల కరపత్రాలు, బైండింగు పనులు ఎప్పటిలాగే మా దగ్గరే జరుగుతాయి. నాలుగు రంగుల శుభలేఖలు, బ్రోషర్లు, క్యాలెండర్లు మరో ప్రెస్సులో జాబ్‌వర్కుగా వేయిస్తాము. రంగు ప్రూఫు నేనే దగ్గరుండి చూస్తాను, ఒప్పుకున్న ధర మారదు, కానీ రెండు మూడు రోజులు ఆలస్యం అవుతుంది. అడ్వాన్సు ఇచ్చినవారిలో ఎవరికైనా ఇది నచ్చకపోతే ఆ సొమ్ము తిరిగి ఇస్తాము, కారణం అడగము. కాగితం విషయంలోనూ ఒక మార్పు ఉంది: ఇకపై సరుకు వెల మాత్రమే ముందు చెల్లించి, పన్ను సొమ్మును వ్యాపారి తన 3బీ, చలాను నకళ్లు చూపిన తరువాతే ఇస్తాము. ఈ షరతుకు ఒప్పుకోనివారు ఇప్పటికే కొందరు సరుకు ఆపేశారు, కనుక మీరు కోరిన రకం ఆర్టు కాగితం కొంతకాలం దొరకకపోవచ్చు. షరతు మాత్రం సడలించను.

పాత నాలుగు రంగుల ప్లేట్లు అమ్మేసిన యంత్రం కొలతవి కనుక ఇక మా దగ్గర ఉపయోగపడవు. మీ డిజైన్ ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి. పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే కాపీ చేసి ఇస్తాము, వాటిని వేరే ప్రెస్సులో వేయించుకున్నా నాకు అభ్యంతరం లేదు. అక్కడ ఎందుకు వచ్చారని అడిగితే మాత్రం, పాత ప్రెస్సువాడు ఐపీ పెట్టాడని చెప్పకండి.