తప్పిన మెట్టు చూపించండి చాలు

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు నాకు ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది. ఖమ్మం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను, నా దగ్గర పది పాసై వెళ్లిన పిల్లలు ఏటా ఆ ఫలితాల్లో ఉండేవాళ్లు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. అదే ఫలితాల్లో తెలుగులో సున్నా అని చూపించిన ఒక అమ్మాయికి, పేపరు మళ్లీ చూస్తే 99 వచ్చాయి. తెర మీద కనబడిన సున్నా సున్నా కాకపోవచ్చు, నిజంగానే ఫెయిలైనా సప్లిమెంటరీ ఉంది, ఈ రెండు మాటలూ ఆ పూట పిల్లల మనసుకు వాటంతటవే తట్టేలా మేం టీచర్లం చదువు చెప్పామా అన్న ప్రశ్న నన్ను ఇన్నేళ్లయినా వదలడం లేదు.

పిల్లలకు ధైర్యం నేర్పడమంటే "ఏం కాదులే, అంతా మంచే జరుగుతుంది" అని చెప్పడమే అనుకుంటాం. పిల్లలు ఆ మాట నమ్మరు. ఎలా నమ్ముతారు, చేతిలో 40కి 9 మార్కుల పేపరు ఉంటే?

నా దగ్గర తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయికి సరిగ్గా అన్నే వచ్చాయి. "నాకు లెక్కలు రావు సార్" అన్నాడు, ఏడవను కూడా లేదు, ఊరి పేరు చెప్పినంత మామూలుగా చెప్పాడు. పక్కన కూర్చోబెట్టుకుని పేపరంతా చూస్తే, తప్పు పోయిన ఆరు లెక్కల్లో అయిదింట్లో తప్పు ఒకే చోట ఉంది: మైనస్ ముందున్న బ్రాకెట్ తీసేటప్పుడు లోపలి గుర్తులు మార్చడం లేదు. "నీకు రానిది లెక్కలు కాదురా, ఈ బ్రాకెట్ తీయడం" అని అలాంటివే ఇరవై ఇచ్చాను. నాలుగో రోజు తనే వచ్చి బోర్డు మీద చేసి చూపించాడు. వాడేమీ స్కూల్ ఫస్ట్ రాలేదు, పదిలో లెక్కలు 58తో పాసయ్యాడు. కానీ ఆ తర్వాత "నాకు రావు" అనడం మానేసి "ఎక్కడ తప్పింది సార్" అని అడగడం మొదలుపెట్టాడు. ఆశాభావం అంటే నాకు తెలిసింది ఇదే.

అంతకు ముందు పదేళ్లు నేనూ పేపర్ల కట్ట పట్టుకుని మార్కులు పైనుంచి కిందికి గట్టిగా చదివినవాణ్ణే, చివర్లో ఉన్నవాళ్లను మట్టిబుర్రలు అన్నవాణ్ణే. ఆ పిల్లలిప్పుడు ఊళ్లో ఎదురైతే ఎంతో మర్యాదగా నమస్కారం పెడతారు, నాకు మాత్రం బాధగా ఉంటుంది.

మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మయర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1967లో కుక్కల మీద చేసిన ప్రయోగం గురించి చాలామంది టీచర్లు ట్రైనింగుల్లో వినే ఉంటారు. తప్పించుకునే దారి లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలావరకు, తర్వాత చిన్న అడ్డు దూకితే బయటపడే చోట కూడా కదలకుండా పడుకుండిపోయాయి. నిస్సహాయత అలా అలవాటవుతుందని అప్పుడు చెప్పారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, మెదడు మీద జరిగిన కొత్త పరిశోధనలు చూసి ఆ ఇద్దరే తమ మాట మార్చుకున్నారు. ఎడతెగని దెబ్బలు తగిలితే చతికిలపడటం ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుందట, నేర్చుకోవాల్సింది "నేను ఏదైనా చేస్తే ఇది మారుతుంది" అన్నదట. అంటే మనం నేర్పకపోతే అది రాదన్నమాట! అదీ మాటలతో కాదు, చేసి చూసుకుంటేనే వస్తుంది, బ్రాకెట్ల అబ్బాయికి వచ్చినట్టు.

ఇంట్లో సంగతి ఇంకా పెద్దది. చుట్టాల ముందు "వీడికి చదువు అబ్బదండీ" అనేస్తాం, పక్కనే నిలబడ్డ పిల్లవాడు ఆ మాటను ఏళ్ల తరబడి మోస్తాడు. ఇక కష్టాలు వస్తే పిల్లలకు తెలియకూడదని దాస్తాం, కానీ రాత్రి అమ్మానాన్నలు మెల్లగా మాట్లాడుకునే అప్పుల మాటలు వాళ్లు దుప్పటి కింద నుంచి వింటూనే ఉంటారు, సగం విని భయపడతారు. 2021-22లో నల్ల తామర పురుగు మా వైపు మిరప తోటలను తినేసింది. ఆ ఏడాది మా ఊరి రైతు ఒకాయన పదో తరగతి చదివే కూతుర్ని కూర్చోబెట్టుకుని "తోట పోయిందమ్మా, అప్పుంది, ఈసారి మిరప రెండెకరాలే వేసి మిగతాది మొక్కజొన్న వేద్దామనుకుంటున్నా, నీ ఫీజుకు మీ మామయ్యను అడిగాను" అని లెక్కంతా కాగితం మీద వేసి చూపించాడు. ఆ పిల్ల మరుసటి రోజు నాతో ఈ విషయం చెప్పినప్పుడు గొంతులో భయం లేదు. నష్టం ఎంతో తెలిసింది, తర్వాత ఏం చేస్తారో కూడా తెలిసింది.

ఢిల్లీలో 2018లో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఆనంద పాఠాలకు విడిగా పీరియడ్ పెట్టారు. మంచిదే. నేను అంత కూడా అడగడం లేదు. ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల పేపర్లు ఇచ్చే రోజు మార్కులు పైకి చదవకుండా, ఒక్క పీరియడ్ ఎవరి తప్పు వాళ్లు వెతుక్కుని అదే లెక్క మళ్లీ చేసేందుకు వదిలితే చాలు. సిలబస్ వెనకపడుతుందని అంటారు. నాకెప్పుడూ వెనకపడలేదు, ఎందుకంటే అదే తప్పును తర్వాత పదిసార్లు దిద్దే పని తప్పింది.

మీ పత్రికనూ ఒకటి అడుగుతున్నాను. ఫలితాల మర్నాడు మొదటి పేజీ నిండా ర్యాంకుల ప్రకటనలు వస్తాయి, పాసైన పిల్లల ఫొటోలు వస్తాయి. ఈసారి అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, రీకౌంటింగ్‌కు ఆఖరి తేదీ, సప్లిమెంటరీ ఫీజు తేదీలు, మనసు బాగోలేనప్పుడు ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడగలిగే ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 14416 వేయండి. పేపరు ముందుగా విప్పేది ఫెయిలైన పిల్లల ఇళ్లలోనే.

– ఒక రిటైర్డ్ లెక్కల టీచర్, ఖమ్మం జిల్లా